జట్టు విడగొట్టినోడు

ఒరే దావూదూ, ఆ మిషను ఆపుతావా ఆపవా? ఈధంతా నీ గురించే సెప్పుకుంటంటే నువ్వు తాపీగా దూది ఏకుకుంటన్నావు. సిగ్గనేది ఉందేటి నీకు?

హమ్మయ్య, ఆపేవు. సెవులు పోనాయి.

ఆ స్టూలు అక్కర్లేదు. నాను నిలబడే మాట్లాడతాను. నీతో దెబ్బలాడ్డానికొచ్చేను, కూకుని కబుర్లాడ్డానికి కాదు... సర్లే, ఇటు తొయ్యి. మోకాళ్ళు నా మాట ఇనడం మానీసి శానా కాలమైంది.

ఏటలా సూస్తావు? నెత్తి నిండా దూదీ నువ్వూ. నాకంటే ముసిలోడిలాగున్నావు, దులుపుకో.

అడుగుతన్నాను, సెప్పు. నీ కూతురు నర్గీస్‌ని కోచింగు ఎందుకు మాన్పించీసేవు?

పిల్ల లాంగుటర్ములో ముందు బెంచీలో కూకునేది. సారు బోర్డు మీద లెక్క తప్పేస్తే లేచి సెప్పేదంట. అలాంటి గుంటని తెచ్చి ఎనక గదిలో కూకోబెట్టి దిండు గలీబులకి అంచులు కుట్టిస్తావా? గాల్లో ఎగిరిపోతన్నది దాని బతుకురా, నీ దూది కాదు.

ఎంసెట్టు వేసంకాలంలోనే. ఇప్పుడు పంపినా డాక్టరు సీటు కొట్టే దమ్ముంది దానికి. ఇంకొన్నాళ్ళు పోతే మాత్రం ఇక లేదు. రివిజన్లు మొదలైపోతాయంట. అప్పుడు నువ్వు కాళ్ళ మీద పడినా ఎవడూ సేర్చుకోడు.

నువ్వు మాట్లాడవు. సూదిలో దారం ఎక్కించుకుంటావు. మీ నాయినా ఇంతే. ఫారూఖ్ పోర్టులో నా కూలీల గేంగులో ఉన్నన్నాళ్ళూ, అతని నోట్లోంచి ఒక మాట రావాలంటే ఓడ మీద సరుకులెత్తే విన్చి పెట్టి లాగాల్సొచ్చేది. మనిషి మాత్రం బంగారం. అతను నన్ను బావా అన్నాడు, నువ్వు మావా అంటావు, నీ కూతురు తాతా అంటాది. ఆ సనువుతోనే తిడతన్నాను. పరాయోడివైతే నాకేటి?

ఈధిలో ఏటనుకుంటన్నారో తెలుసా? పాలకొట్టు కాడ ఆదిలక్ష్మమ్మ అంటంది, "ఆళ్ళల్లో ఆడపిల్లకి సదువెందుకు? ఇన్నాళ్ళు పంపేడంటే అదే గొప్ప" అని. అందరూ తలలూపేరు. నానూ అక్కడే ఉన్నాను.

ఏటన్నానా?

ఏటంటాను! పాల గిన్నె పట్టుకుని ఇంటికొచ్చీసేను.

అదొకటేనేటి? మొన్న ద్వారకానగరు ఎల్లేను, ఆళ్ళ కోచింగు సెంటరుకి. జగ్గారావు సారని ఫిజిక్సు సారు, గేటు కాడే నన్ను పట్టుకున్నాడు. "ఏమయ్యా పెద్దాయనా, ఆ నర్గీస్ ఎందుకు మానేసింది? దానిమీద నేను శానా ఆశ పెట్టుకున్నాను" అన్నాడు. పాపం, ఆయన బాధ ఆయనది. ఏటేటా ఇదే గొడవంట. దసరాకి కొందరు, సంకురాత్రికి కొందరు, ఒక్కొక్కరే రాలిపోతారంట. మొద్దులు ఎల్లిపోతే ఆయనకి ఇబ్బంది లేదు. తెలివైనోళ్ళు ఎల్లిపోతారంట, మొద్దులు మొండిగా కూకుని సీటు కొట్టీసి పోతారంట. అదే అర్థం కాదన్నాడు. ఒకడికి ఇల్లు గుర్తొస్తాదంట. ఒకడికి ఒక టెస్టులో మార్కులు తగ్గితే మొహం సెల్లదంట. ఒకడి తండ్రి మంచాన పడతాడంట. "మరి ఈ పిల్లకేమైంది?" అని నా మొహంలోకి సూసేడు.

నానేటి సెప్పేనో తర్వాత సెప్తాను. ముందు నీ సంగతి తేలనీ.

ఏటీ?

ఓహో... నీకూ తెలిసిపోనాదేటి? ఈ ఈధిలో తుమ్మితే సాలు కదా. అవున్రా, నా మనవరాలు శ్రీసత్య కూడా సదువు మానీసి వచ్చీసింది. దువ్వాడ హాస్టల్నుంచి పెట్టీ బేడా పట్టుకుని వచ్చీసింది. ఆదివారం ఇంటికి పంపేరు, సోమారం ఎల్లమంటే ఎల్లనంది. మా అబ్బాయి గోపి స్టీలుప్లాంటులో నైటుషిప్టు సేసొచ్చి, కూతురి ముందు కూకుని బతిమాలేడు. ఉలకదు, పలకదు. కోడలు నాగమణి అన్నం కలిపి నోట్లో పెట్టబోతే మొహం తిప్పీసుకుంది. గోడకేసి తిరిగి పడుకుంటాది. పుస్తకం ముట్టుకోదు.

నవ్వుతావేటి? నవ్వలేదా? నవ్వినట్టనిపించింది. నువ్వు నవ్వినా తప్పులేదులే.

నా ఇంట్లో గుంట మంచానికి అతుక్కుపోతే, నాను నీ కొట్టుకొచ్చి నిన్ను నిలదీస్తన్నాను. అదే కదా నీ మనసులో ఉన్నది? మరి ఉండదేటి.

అయితే అసలు సంగతి మొదట్నుంచీ మాట్లాడుకుందుం. ఏదీ దాసొద్దు.

నిరుడు ఇద్దరూ ఇంటరు పాసయ్యేరు, సీటు రాలేదు. మా అరుగు మీద ఒకళ్ళ బుజం మీద ఒకళ్ళు తలెట్టి ఏడిసేరు. మల్లీ లాంగుటర్ము సేరతామన్నారు. నువ్వొచ్చి నాతో ఏటన్నావు? "మావా, మీ శ్రీసత్య తోడుంటే పంపుతాను. ఒక్కదాన్నైతే ఊరికి ఆ సివరికి పంపలేను" అన్నావు. నాను గుండి మీద సెయ్యేసుకుని, "ఒరే, నా మనవరాలెంతో నీ కూతురూ అంతే" అన్నాను. అన్నానా లేదా?

అన్నాను. ఆ ఒక్క మాట మీదే నువ్వు పంపేవు.

సక్కగా ఎల్లీవోళ్ళు. పొద్దున్నే పాత పోస్టాఫీసు కాడ బస్సెక్కి, బస్టాండు కాంప్లెక్సులో దిగి, సాయంకాలం అదే బస్సులో తిరిగొచ్చీవోళ్ళు. కాకపోతే కబుర్లు! అబ్బబ్బ, ఏం కబుర్లురా అయి! ఎల్లేటప్పుడు కబుర్లే, వచ్చేటప్పుడు కబుర్లే. బస్సు దిగేక ఇంటికి పోకుండా మా అరుగు మీద మల్లీ అయే కబుర్లు. ఇది సెయ్యి తిప్పుతాది, అది తల ఊపుతాది, ఇద్దరూ ఇరగబడి నవ్వుతారు. నాను లోపల కూకుని ఇనీవోడిని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సగం ఇంగ్లీషు.

దీపావళి ముందర ఒకరోజు కంటి డాక్టరు కాడికని జగదాంబ జంక్షనుకి ఎల్లేను. రోడ్డు దాటుదామని నిలబడితే ఈళ్ళ బస్సు నా ముందరే వచ్చి ఆగింది. కిటికీలోంచి సూస్తే ఏటి! ఇద్దరూ నిలబడున్నారు. నర్గీస్ పైన ఉన్న కడ్డీ ఒగ్గీసి సేతులు రెండూ గాల్లో పెట్టింది. మా గుంటా ఒగ్గీసింది. డ్రైవరు బ్రేకు కొట్టేసరికి మా శ్రీసత్య ఎల్లి కండక్టరు మీద పడింది. అతను ఏదో తిడతన్నాడు, ఈళ్ళిద్దరూ కడుపులు పట్టుకుని నవ్వుతన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మా గోపి డ్యూటీ మీద డ్యూటీ సేస్తంటే, ఈళ్ళు బస్సులో తైతక్కలాడతన్నారని.

నాను మేస్త్రీని రా దావూదూ. ఊహ తెలిసిన కాడ్నుంచీ బస్తా కింద బతికినోడిని. గజపతినగరం పక్క మా ఊర్నుంచి కాళ్ళకి సెప్పుల్లేకుండా వచ్చి, పోర్టులో కొక్కెం పట్టేను. మెడ మీద కాయ కాసింది, సూడు, ఇప్పటికీ ఉంది. ఆ కూలీల్లోంచి గేంగు మేస్త్రీ అయ్యేను. సదువు లేకపోయినా మనుషులతో పని సేయించడం నాకొచ్చు. అందులో మొదటి సూత్రమేటో తెలుసా? ఇద్దరు కబుర్లాడుతుంటే జట్టు ఇడగొట్టు. ఒకణ్ణి ఓడ ముందు సరుకు గోతిలోకి దింపు, రెండోవోణ్ణి ఎనక గోతిలోకి దింపు. నోళ్ళు మూతపడతాయి, సేతులు ఆడతాయి. బస్తాలు సాయంకాలానికి ఒడ్డున పడతాయి.

మీ నాయిన్నీ అలాగే ఇడగొట్టేనొకసారి. పైడయ్యనొకడుండేవోడు, అతనితో జట్టు. ఫారూఖ్ ఎవరితోనూ మాట్లాడడు గాని, ఆ పైడయ్యతో మాత్రం గుసగుసలాడీవోడు. ఇడగొట్టీసేను. ఫారూఖ్ నన్నేమీ అన్లేదు. కొక్కెం బుజానేసుకుని ఎనక గోతిలోకి దిగిపోనాడు. పని అయింది. ఆ జట్టు మల్లీ కలిసిందో లేదో నానడగలేదు. మేస్త్రీకి బస్తాలు కావాలి గాని, ఆళ్ళ కబుర్లెందుకు?

ఆ బుద్ధే ఇక్కడా సేసింది. దువ్వాడ కాడ హాస్టలు కోచింగుంది కదా, దాంట్లో పడేసేను మా గుంటని. గోపికి సెప్పేను, అతను తలూపేడు. నాగమణి మాత్రం, "మావయ్యా, పిల్ల ఏడుస్తంది, పోనీ ఒకసారి ఆలోసించండి" అంది. "ఏడిస్తే ఏడవనీ, రేపు డాక్టరయ్యేక నవ్వుతాది" అన్నాను. గొప్పగా అన్నాననుకున్నాను.

నీకు సెప్పలేదు. అవును, సెప్పలేదు. గుండి మీద సెయ్యేసుకుని మాటిచ్చినోణ్ణి, నీ గుమ్మంలోకొచ్చి "ఒరే, రేపట్నుంచి నీ కూతురికి తోడు లేదు" అని ఒక్క మాట సెప్పలేదు.

ఆ సాయంకాలం నువ్వే వచ్చేవు. గుమ్మం బయటే నిలబడ్డావు. "మావా, మరి నర్గీస్ ఎవరితో ఎల్తాది?" అన్నావు. కోపంగా అన్లేదు. కోపంగా అన్నా బాగుండేది.

నానేటన్నాను? "రోజులు బాగోలేవురా. బస్సుల్లో ఆకతాయిలు ఎక్కువైపోనారు. అందుకే మా గుంటని హాస్టల్లో ఏసేను. నీ ఇష్టం, ఆడపిల్లని ఒంటరిగా పంపుతావో లేదో" అన్నాను.

అబద్ధం రా. పచ్చి అబద్ధం. ఆ బస్సులో ఏ ఆకతాయీ లేడు. పోర్టుకెల్లే కూలీలు, మార్కెట్టుకెల్లే ఆడోళ్ళు. ఆ కండక్టరైతే ఈళ్ళిద్దరికీ సీటు పట్టి ఉంచీవోడంట. నీ మొహం సూడలేక, మాట తప్పినోణ్ణని నీ సేత అనిపించుకోలేక, నీ గుండిలో బయం పెట్టి పంపించీసేను. ఆడపిల్ల తండ్రి గుండిలో బయం పెట్టడమంత తేలిక ఇంకోటి లేదురా. ఒక్క మాట సాలు.

ఆగు. పూర్తిగా సెప్పనీ. మధ్యలో ఆపితే మల్లీ సెప్పలేను.

అక్కడ దువ్వాడలో ఏటైంది? పక్కపిల్లతో మాట్లాడితే నిలబెడతారంట. డౌటుంటే కాగితమ్మీద రాసి ఇవ్వాలంట. తెల్లారకుండా లేపీసి కూకోబెడతారంట. నాను సంబరపడిపోయేను, ఇదీ పద్ధతంటే, అచ్చం గేంగులాగే ఉందని. మా గుంటకి మార్కులు తగ్గేయి. ఇంకా తగ్గేయి. తినడం మానీసింది. ఆకరికి వచ్చీసింది.

నిన్న పక్కన కూకుని అడిగేను. "ఏటమ్మా నీ కష్టం? అంత సదువు సదివించే సోటికి పంపితే ఎందుకొచ్చీసేవు?" అని. గోడకేసి తిరిగే సెప్పింది. "తాతా, నాకు ఫిజిక్సు సదివితే రాదు. నర్గీస్ సెప్తే వస్తాది. దానికి బోటనీ సదివితే రాదు. నాను సెప్తే వస్తాది. బస్సులో మేం ఏటి మాట్లాడుకునేవోళ్ళం అనుకున్నావు నువ్వు?" అంది.

ఆ రోజు జగదాంబ కాడ సూసిందీ అడిగేను. కండక్టరు మీద పడ్డావు కదమ్మా అన్నాను. అప్పుడు లేచి కూకుంది. ఇన్నాళ్ళకి దాని మొహంలో నవ్వు సూసేను. అదేదో పాఠమంట రా. బండి ఆగిపోయినా లోపలున్న మనిషి ముందుకే పోతాడంట. దానికి ఎంత సదివినా బుర్రకెక్కలేదంట. "అయితే కడ్డీ ఒగ్గీ, నీకే తెలుస్తాది" అందంట నీ కూతురు. మా గుంట ఎల్లి పడితే కండక్టరు, "అమ్మా, మీ పరీచ్చలయ్యేదాకా నా ఎముకలు మిగుల్తాయంటారా?" అన్నాడంట. దానికీ ఆ నవ్వు.

పాఠం సెప్పుకుంటంటే తైతక్కలనుకున్నాను. ఆళ్ళ కబుర్లే ఆళ్ళ సదువని ఎవడికి తెలుసు? బస్తా మోసినోడికెలా తెలుస్తాది?

కాదులే. తెలియాలి. తెలియకపోడానికి లేదు. ఎంత మొనగాడైనా తన బస్తా తన నెత్తికి తను ఎత్తుకోలేడు. ఇద్దరు పట్టి లేపితేనే మూడోవోడి నెత్తికెక్కుతాది. దాంతోటే పుట్టి పెరిగినోణ్ణి నాను.

అందుకే వచ్చేను దావూదూ. పంపరా దాన్ని. ఇద్దరూ మల్లీ ఆ బస్సే ఎక్కుతారు, ఆ బెంచీలోనే కూకుంటారు. పొద్దున్న మల్లీ ఎల్లి అడిగితే జగ్గారావు సారు సేర్చుకుంటానన్నాడు. నర్గీస్ వస్తే సాలు, మా గుంట ఎల్తానంది. మంచం దిగుతానంది.

ఏటి?

...అవును. అలాగే ఉంది కదా నా మాట. నర్గీస్ వస్తే మా గుంట ఎల్తాదని. నీ కూతురి కోసం వచ్చేనని ఇందాకట్నుంచీ అరుస్తన్నాను. మా గుంట సక్కగా హాస్టల్లో సదువుకుంటే ఈ కొట్టు గుమ్మం తొక్కేవోణ్ణా? తొక్కేవోణ్ణి కాదు. నీ కూతురు ఎనక గదిలో అంచులు కుట్టుకుంటంటే, నాను ముందు ఈధిలోంచి తలొంచుకుని ఎల్లిపోయీవోణ్ణి. ఇప్పుడూ నా మనవరాలి కోసమే వచ్చేను. ఉన్నమాటే అన్నావు.

ఇంకోటీ ఇను. జగ్గారావు సారు అడిగేడన్నాను కదా, ఈ పిల్లకేమైందని. నానేటి సెప్పేనో తెలుసా? "ఆళ్ళల్లో అంతే కదండీ సారూ" అన్నాను.

నానే. ఫారూఖ్‌తో ఒకే సుట్ట పీల్సినోణ్ణి. మీ పండక్కి మీ ఇంట్లో సేమియా తాగినోణ్ణి. పాలకొట్టు కాడ ఆదిలక్ష్మమ్మ అన్నాదని ఇందాక నీ మీద ఎగిరేను. ఆవిడ తెలీక అంది. నాను తెలిసి అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆ సారు కూడా "అంతేలే" అన్నట్టు తలూపీసి ఎల్లిపోనాడు. ఇంకెవడూ ఇంకేమీ అడగడు. నా తప్పు మీద మీ మతాన్ని దుప్పటిలాగ కప్పీసేను.

తిట్టు. తిట్టరా, నీ నోటితో ఒక్క మాట తిట్టు. మాన్పించినోడివి నువ్వైనా మాన్పించేలా సేసినోణ్ణి నానే.

ఏటన్నావు?

మల్లీ సెప్పు.

నువ్వు మాన్పించలేదా?

మరి... బస్సంటే బయపడి, లూనా మీద నువ్వే దింపుతానన్నావా? కొట్టు మధ్యాన్నం నుంచే తెరుసుకుంటానన్నావా? ఏదీ, బయటున్నదేనా ఆ లూనా? అయ్యో, ఆ ఎనక సీటుకి మెత్తగా పరుపు కుట్టింది దాని కోసమా! గతుకుల్లో నడుం నొప్పెడతాదని...

అదే రానందా?

ఎందుకంట? "సదువు మీద మనసు పోయింది అబ్బా" అందా? దాని తల్లి సాంద్ సుల్తానా అడిగినా అదే మాటా? నువ్వు నమ్మీసేవేటి? ఆ గుంటకి సదువు మీద మనసు పోయిందంటే నమ్మీసేవా?

నాకు తెలుసురా ఎందుకో.

ఇంతసేపూ అనుకున్నాను, నీకు బయం పెట్టేను కాబట్టే మానిందని. ఆ పిల్లతో నానన్న రెండో మాట మీద మన్నేసి కప్పీసేను. అది పని సేసుండదులే, సిన్నపిల్ల, మర్సిపోయుంటాదిలే అని. ఇన్నాళ్ళూ ఆ గుంట నీక్కూడా సెప్పలేదంటే... అయితే నా మాట దాని లోపలికి ఎంత దూరం దిగిందో.

ఇను. నువ్వు మా ఇంటికొచ్చిన రోజే, ఆ పొద్దున్న, అది బేగు బుజానేసుకుని వచ్చింది. రోజూ వచ్చినట్టే. అరుగు కాడ నిలబడి, "తాతా, శ్రీసత్య ఇంకా లేవలేదా?" అంది. అప్పటికి దానికేమీ తెలీదు. "హాస్టలుకెల్లిపోనాదమ్మా" అన్నాను. తెల్లబోయింది. "నాకు సెప్పలేదే? నామీద కోపమొచ్చిందా తాతా?" అంది.

కాదమ్మా, నానే పంపించీసేను అనొచ్చు కదా. అంతే కదా సెప్పాల్సింది.

"నీ కబుర్లతో దాని సదువు పాడైపోతందంటమ్మా. నువ్వుంటే తనకి సీటు రాదంది. నీతో ఒద్దనే ఎల్లిపోనాది" అన్నాను.

అది ఏడవలేదురా. బేగు పట్టీ సర్దుకుంది. "సరే తాతా" అంది. ఇంటికెల్లిపోనాది.

ఎల్లి, ఇక రాలేదు. ఎందుకొస్తాది? తనవల్ల స్నేహితురాలి బతుకు పాడైపోతందని నమ్మిన పిల్ల ఆ బెంచీలో ఎలా కూకుంటాది? నీ లూనా ఎలా ఎక్కుతాది?

ఆ కత్తెర కింద పెట్టు. నన్నేటైనా సెయ్యి, కానీ అది కింద పెట్టు.

ఒద్దు, పిలవకు దాన్ని. నువ్వే సెప్పుకో తర్వాత. నాను ఎల్లిపోతాను. దాని మొహం నాను సూడలేను దావూదూ, నీ కాళ్ళట్టుకుంటాను, పిలవ...

పిలిసీసేవా.

రా... రామ్మా నర్గీస్. ఏలికి గుడ్డేటి, సూది గుచ్చుకుందా? కూకో. కూకోవా? సర్లే, నిలబడే ఇను.

శ్రీసత్య ఆ మాట అన్లేదమ్మా. నీతో ఒద్దని అది ఎప్పుడూ అన్లేదు. ఎల్లనని గుమ్మం పట్టుకుని ఏడిస్తే నానే సెయ్యి ఇడిపించి ఆటో ఎక్కించేను. నీకు సెప్పొస్తానంటే ఎల్లనివ్వలేదు. ఆ మాట నాది. దాని నోట్లో పెట్టి నీకు సెప్పేను.

ఎందుకంటావా?

మీ నాయినకి ఇందాక గేంగు కథ సెప్పేను, మేస్త్రీ బుద్ధని. అదీ ఉందిలే. కానీ అది కాదు.

ప్రతి సోమారం మీ సెంటరుకి వచ్చీవోణ్ణి. గుర్తుందా, మీ ఇద్దరికీ జాంపళ్ళు తెచ్చీవోణ్ణి. మీరు లోపలికెల్లేక నోటీసు బోర్డు కాడ నిలబడీవోణ్ణి. నాకు అక్షరాలు రావు. ఎవడో ఒకణ్ణి పట్టుకుని, ఈళ్ళ పేర్లెక్కడున్నాయో ఏలెట్టి సూపించు నాయినా అనీవోణ్ణి. ఎప్పుడడిగినా ఆడు మొదట నీ పేరు సూపించీవోడు. తర్వాత ఏలు కిందకి దించీవోడు, ఇంకా కిందకి... మా గుంట కాడికొచ్చేసరికి నాను సూడలేక మొహం తిప్పీసుకునీవోణ్ణి.

అంతేనమ్మా. ఇంకేమీ లేదు.

నువ్వు బాగా సదివేవు. అందుకే.